పాము నోటిలోని కప్ప

(శివానుభవ గోష్ఠిలో చేసిన ప్రసంగము)





గత మాసము జరిగిన గోష్ఠిలో, ప్రసంగములన్నియు ముగిసి అందఱును ప్రసాదమునకు లేచు సమయమున, ఐదవ తరగతి చదువుచున్న యొక బాలిక నిలుచుండి ప్రశ్న యొకటి అడిగినది. వారి యింట ఒక పెంపుడు పిల్లి కలదు. అది యొకనాటి ఉదయమున ఉడుతపిల్లను నోట కఱచుకొని వచ్చి, సరిగా పూజగది గడపమీదనే పెట్టినదట. అప్పుడే స్నానము చేసి, విభూతి ధరించి, లింగపూజకు కూర్చుండబోవుచున్న అవ్వగారు ఆ దృశ్యమును చూచి పిల్లిని వెడలగొట్టినారు. గడప కడిగించినారు. “లింగవంతుల ఇంట్లో పెరిగి ఇదేం బుద్ధే నీకు? ఇవాళ్టి నుంచి నీకు పాలన్నమే” అని తీర్పు చెప్పినారు. బాలిక నన్నడిగిన దిది: “అయ్యగారూ, తప్పు పిల్లిదా? లేకపోతే దానికి అలాంటి పళ్లు పెట్టిన శివుడిదా?”

సభ యంతయు నవ్వినది. నేనును నవ్వితిని. “వచ్చే నెల చెప్తానమ్మా” అని తప్పించుకొంటిని. కాని ఇల్లు చేరిన పిమ్మట ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఏలయన, అది కేవలము పిల్లిని గూర్చిన ప్రశ్న కాదు. పిల్లి తప్పు చేసినదన్నచో, పాపము చేయక బ్రదుకలేని ప్రాణిని పరమేశ్వరుడు సృజించినాడని ఒప్పుకొనవలసి వచ్చును. అట్టివానిని దయామయుడని ఏ నోటితో కొలుతుము? పిల్లి తప్పు చేయలేదన్నచో, పట్టణములలో వసతిగృహములందుండి చదువుకొనుచున్న మన పిల్లలు తమ మిత్రులవలన వినుచున్న మాటయే నిజమని తోచును: “పులి తినుచున్నది, పాము తినుచున్నది, సృష్టి యంతయు ఒకదాని నొకటి తినుచునే యున్నది. మీకు మాత్రము ఈ నియమ మెందులకు?” ఈ రెండు చిక్కుల నడుమ నడచుటకు దారి కలదా? కలదనియే నా విశ్వాసము. ఆ దారి తెన్నులు బసవేశ్వరుల మాటలలోనే కానవచ్చుచున్నవి.

వారి వచనములలో ఒకదానియందు ఒక చిత్రము కలదు. పాము నోట చిక్కిన కప్ప, ఆ స్థితిలోకూడ ఆకలిగొని, ఎగురుచున్న ఈగకై ఆశపడుచున్నది. జీవిత మెంత అస్థిరమో, ఆశ యెంత గ్రుడ్డిదో తెలుపుట కది వారు ఎన్నుకొన్న ఉపమానము. ఎనిమిది వందల యేండ్లు దాటిన పిమ్మట, నేడు మన పిల్లల జీవశాస్త్ర పుస్తకము తెఱచి చూచినచో, ఇట్టి ప్రాణులే ఒకదాని ప్రక్క నొకటి బాణపు గుర్తులతో కనబడును. ఈగను కప్ప, కప్పను పాము, పామును గ్రద్ద. దీనికి వారు ఆహారపు గొలుసు అని పేరు పెట్టినారు. ఇంగ్లండు దేశీయుడైన చార్లెస్ ఎల్టన్ అను శాస్త్రజ్ఞుడు 1927లో ప్రకటించిన గ్రంథమున ఈ భావమును విపులముగా వివరించినాడు.

ఆ గొలుసును మొదటినుండి చూతము. పచ్చని ఆకు ఒక్కటే ఎండనుండి అన్నము వండుకొనగలది. దానిని మేయునవి మిడుత, జింక, ఆవు మొదలగునవి. వానిని తినునవి మాంసాహారులు. అన్నియు చచ్చిన పిమ్మట వానిని కుళ్లజేసి మరల మట్టిగా మార్చునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు, శిలీంధ్రములు. మట్టినుండి మరల గడ్డి మొలచును. కావున పులి నమలుచున్న మాంసముకూడ ఒకనాటి గడ్డియే. ఆ గడ్డి ఒకనాటి సూర్యకిరణమే. ఈ ప్రయాణములో ఒక్కొక్క మెట్టునందును ఎక్కువ భాగము ఖర్చయి పోవును. జంతువు నడచుటకు, ఊపిరి పీల్చుటకు, శరీరమును వెచ్చగా నుంచుకొనుటకు వ్యయమైనది పోగా, తరువాతి మెట్టునకు చేరునది రమారమి పదింట ఒక వంతు మాత్రమే. లిండెమన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1942లో చేసిన పరిశోధనమునుండి ఈ లెక్క ప్రసిద్ధికి వచ్చినది. వేయి పాళ్లు గడ్డి యున్నచో నూఱు పాళ్లు జింక, నూఱు పాళ్లు జింక యున్నచో పది పాళ్లు పులి. అందుచేతనే అడవిలో గడ్డి విస్తారము, జింకలు మందలు మందలు, పులులు అరుదు.

మనవారిలో అనేకులు శ్రీశైల యాత్ర చేసినవారే. ఉగాదికి కన్నడ దేశమునుండి వచ్చు శరణులు, శివరాత్రికి రాయలసీమనుండి వచ్చు భక్తులు, ఆత్మకూరు, వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువుల మీదుగా భీముని కొలను దాటి, కైలాసద్వారము చేరి మల్లికార్జునుని దర్శించుట పరంపరగా వచ్చుచున్నది. అక్క మహాదేవి ఒంటరిగా నడచివచ్చిన కొండ లవి. ఆ నల్లమల అడవియే పెద్దపులుల నివాసము. 1983లో ఆ ప్రాంతమును పులుల సంరక్షణ పథకములో చేర్చినారు. మనము “చెన్న మల్లికార్జునా” అని పిలుచుచు నడచు దారికి కొంత దూరమున, చుక్కల దుప్పి గడ్డి మేయుచుండును, పులి దానికై పొదలో పొంచియుండును. ఆ స్వామి కొలువులో ఇద్దఱకును చోటు కలదు.

ఆ పులి నడవడిని కొంచెము పరిశీలింతము. అడవికి రాజని పేరే కాని, దాని యన్నము దానికి సులభముగా లభింపదు. పదిమార్లు, ఒక్కొక్కప్పుడు ఇరువదిమార్లు ప్రయత్నించినగాని ఒక వేట ఫలింపదని అడవులలో తిరిగి పరిశీలించినవారు వ్రాసినారు. ఇంచుమించు వారమునకు ఒక పెద్ద జంతువు, అనగా ఏడాదికి ఏబది దుప్పు లున్న చాలును. ఆ ఏబదియు తఱుగక యుండవలెనన్నచో దాని పరిధిలో ఐదువందల జంతువులు బ్రదికి యుండవలెను. పదింట తొమ్మిదింటిని విడిచి ఒకదానిని గ్రహించుట దాని బ్రదుకు. కడుపు నిండిన పులి యెదుట దుప్పి నడచిపోయినను సాధారణముగా పులి లేవదు. రేపటికి మనుమలకు దాచవలెనని అది వంద దుప్పులను చంపి కొట్టు కట్టి పెట్టదు. తన కోరలను వడ్డీకి త్రిప్పదు.

అది తినుటవలన దుప్పులకు కీడేగాని మేలు లేదా యని అడుగుదురేమో. దీనికి సమాధానముగా ఒక సంగతి చెప్పెదను. ఉత్తరమున బేరింగు సముద్రములో సెంట్ మాథ్యూ అను నిర్జన ద్వీపము కలదు. 1944లో అమెరికా వారు అచ్చటికి 29 ధ్రువపు జింకలను చేర్చినారు. అచ్చట వానిని వేటాడు తోడే లొక్కటియు లేదు. తినుటకు నేలనిండ నాచువంటి మేత కలదు. జింకలకు స్వర్గమే! 1963 నాటికి అవి 6,000 అయినవి. మేత యంతయు నేలమట్ట మయ్యెను. ఆ వచ్చిన చలికాలములో ఆకలి వానిని కబళించెను. 1966లో లెక్కించినప్పుడు మిగిలినవి 42 మాత్రమే. తోడేలు లేని దేశమున జింకకు మృత్యువు తప్పలేదు. అది మెల్లగా, ఆకలి రూపమున, ఒక్కసారి అందఱకును వచ్చినది. కోర లేని సృష్టి దయగల సృష్టి యగునని మనము తలంతుము. ఆ ద్వీపముయొక్క చరిత్ర వేఱుగా చెప్పుచున్నది.

కావున, తల్లులారా, మొదటి సగము ప్రశ్నకు నా సమాధాన మిది. పిల్లి తప్పు చేయలేదు. దానికి పళ్లు పెట్టినవాడును తప్పు చేయలేదు. తప్పు అను మాటకు అర్థము కలుగవలెనన్నచో, మఱియొక విధముగా చేయుటకు వీలుండవలెను. పిల్లికి ఆ వీలు లేదు. టారిన్ అను పోషకము దాని దేహమునకు చాలినంత తయారగుట లేదు. అది మాంసమునుండియే రావలెను. అది లోపించినచో పిల్లికి చూపు మందగించును, గుండె బలహీనపడును. కేరట్టులోను ఆకుకూరలలోను ఉన్న పసుపువన్నె పదార్థమునుండి మనము విటమిన్ ఏ తయారుచేసికొనగలము. పిల్లికి ఆ శక్తియు లేదు. అవ్వగారు ప్రేమతో పెట్టిన పాలన్నము మాత్రమే తినుచుండినచో, ఆ పిల్లి కొంతకాలమునకు గ్రుడ్డిది కాగలదు. పిల్లికి దీక్ష ఇచ్చు అధికారము ఏ మఠమునకును లేదు.

శివుని దృష్టిలో వాని స్థాన మెట్టిదో తెలిసికొనుటకు శ్రీకాళహస్తి పేరు చాలును. శ్రీ యనగా సాలెపురుగు, కాళ మనగా పాము, హస్తి యనగా ఏనుగు. ఆ మూడును లింగార్చన చేసి తరించినవని మన పెద్దల గాథ. ఆలోచించి చూడుడు. సాలెపురుగు ఈగలను పట్టి తినును, పాము కప్పలను మ్రింగును, ఏనుగు ఒక్కటే శాకాహారి. ముగ్గురిలో ఇద్దఱు మాంసాహారులే. స్వామి ఏనుగును మాత్రమే చేరదీసి తక్కిన రెండింటిని తరిమివేయలేదు. తన పేరులో వానికే ముందు చోటిచ్చినాడు.

ఆ క్షేత్రముననే కన్నప్ప కథ కలదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఆ వేటగాని భక్తిని భక్తితో గానము చేసినాడు. కన్నప్ప తాను తినునదే, తన కెఱిగిన వానిలో మేలైనదే స్వామికి సమర్పించినాడు. కడకు తన కన్నే పెఱికి యిచ్చినాడు. కన్నప్ప మాంసము పెట్టినాడు గనుక మనమును తినవచ్చునని కొందఱు యువకులు వాదింతురు. నాయనలారా! ఆ వాదము చేయుటకు ముందు రెండవ భాగమునుకూడ జ్ఞాపకము చేసికొనుడు. కన్నిచ్చుటకు సిద్ధపడినవాడు ఆ మాట చెప్పవచ్చును. మనము మాంసమును గ్రహించి, కన్నును దాచుకొని, కన్నప్పను సాక్ష్యమునకు పిలుచుట న్యాయము కాదు.

ఇక ప్రశ్నలోని రెండవ సగము. పిల్లికి తప్పు లేనప్పుడు మనకు నియమ మెందులకు?

మరల ఆ పాము నోటిలోని కప్పయొద్దకు పోదము. ఆ చిత్రములో ప్రాణులు మూడేయని తోచును. నిజమునకు నాలుగు. ఈగకు కప్ప కనబడదు. కప్పకు ఈగ మాత్రమే కనబడుచున్నది, తన్ను పట్టిన పాము తెలియుట లేదు. పాముకు కప్పయే లోకము. ఈ మూటిని ఒక్క చూపున చూచి, “అయ్యో” అన్న ప్రాణి యొకటి కలదు. ఆ చిత్రమును చూచి వచనము చెప్పిన మానవుడే ఆ నాలుగవ ప్రాణి. గొలుసులో నుండియు గొలుసు మొత్తమును చూడగల వాడు వాడొక్కడే. ఆ చూపే మనకు శివు డిచ్చిన ప్రసాదము. చూపున్నవానికే బాధ్యత. గ్రుడ్డివాడు త్రొక్కినది ప్రమాదము, కన్నులున్నవాడు త్రొక్కినది అపరాధము.

మన పళ్లు శాకాహారికి తగినవి, కనుక మాంసము మానవలెనని కొందఱు పెద్దలు వాదించుట విన్నాను. ఆ వాదము నాకు బలముగా తోచదు. మానవుని కడుపు ధాన్యమును జీర్ణించుకొనగలదు, మాంసమును జీర్ణించుకొనగలదు. ఇది మన వాదమునకు లోపము కాదు, పునాది. రెండును వీలైనప్పుడే ఎన్నికకు విలువ. ఆవు మాంసము తినకుండుట వ్రతము కాదు. పులి గడ్డి తినకుండుట పాపము కాదు. తినగలిగియు మానినవాడే వ్రతి. దయయే ధర్మమునకు మూలమని బసవేశ్వరులు బోధించినది ఈ ఎన్నిక చేయగల ప్రాణికే. బలికి తెచ్చిన మూగజీవిని చూచి వారి హృదయము కరగినది. ఆ కరుగుట పులికి సాధ్యము కాదు, మనకు సాధ్యము. సాధ్యమైనదానిని చేయకపోవుటయే మన విషయమున తప్పగును.

దీనిలో మఱియొక లెక్కయు కలదు. పదింట ఒక వంతు అని ముందు చెప్పిన సూత్రమును జ్ఞాపకము చేసికొనుడు. గొలుసులో క్రింది మెట్టున నిలిచి తిన్నచో, ఒకే పొలము ఎక్కువమంది కడుపు నింపును. ధాన్యమును జంతువునకు మేపి, ఆ జంతువును మనము తిన్నచో, ఆ ధాన్యములో ఎక్కువ భాగము దారిలోనే ఖర్చయిపోవును. తనకు తక్కువ తీసికొని, పరులకు ఎక్కువ మిగుల్చుట దాసోహము. కావున మన అన్నపు నియమముకూడ దాసోహములో ఒక భాగమే. కాకిని, కోడిని చూచి పంచుకొనుట నేర్చుకొనుమని ఒక వచనమున హెచ్చరించిన గురువు మనకు వేఱేమి చెప్పును?

పులికిని మనకును గల అసలు భేద మిచ్చట నున్నది. పులి ఆశకు దాని కడుపే హద్దు. మన ఆశకు ప్రకృతి హద్దు పెట్టలేదు. కడుపు నిండిన పిమ్మట కూడ మనకు ఆకలి వేయుచునే యుండును. అందుచేతనే మనకు హద్దు బయటనుండి రాదు, లోపలినుండి మనమే గీచుకొనవలెను. కల్యాణ పట్టణములో ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యము ఏరుకొని వచ్చి, దానితోనే జంగమ దాసోహము చేయుచుండెడి వాడు. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చినాడు. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించిన ఆశ శివునికి దూరము చేయునని తెలిపి, ఎక్కువైన బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపినది. ఆ తల్లి చదివినది జీవశాస్త్రము కాదు. అయినను, పులి స్వభావముచేత పాటించు హద్దును ఆమె జ్ఞానముచేత పాటించినది. ఆ గుప్పెడు బియ్యము తిరిగి పోసిన చోటనే మానవుడు మృగముకంటె ఎత్తుగా నిలిచినాడు.

ఇప్పుడు చేదైన మాట యొకటి చెప్పవలసి యున్నది. మాంసము ముట్టనంత మాత్రమున మన మందఱము సాధువులమని గర్వించుచున్నాము. నూటికి మూడు రూపాయల వడ్డీపై అప్పిచ్చి, వాన కురియని ఏట పేదవాని అర ఎకరము వ్రాయించుకొనువాడు ఏమి తినుచున్నట్లు? కట్నము చాలలేదని కోడలిని కన్నీటిలో ముంచు ఇంట ఉల్లిపాయకూడ వండకపోవచ్చును. అచ్చట తినబడుచున్నదేమి? కూలివాని కూలిని ఎగవేసి ఆ సొమ్ముతో మఠములో అన్నదానము చేయించినచో, లింగమునకు అర్పితమైనది అన్నమా, ఆ కూలివాని నెత్తురా? శాకాహారియైన పులి అడవిలో లేదు. ఊరిలో కలదు. కాయకమున ఆర్జించినదే లింగమునకు అర్పించి, అర్పించినదే ప్రసాదముగా గ్రహింపవలెనని శరణులు నియమించుటలోని అర్థ మిదియే. వారు కంచములోని పదార్థమును మాత్రమే కాదు, అది కంచమునకు వచ్చిన త్రోవనుకూడ పరీక్షించినారు.

శరణులారా! గొలుసు చివర నిలిచి మన మెల్లరము అసహ్యించుకొను ప్రాణి యొకటి కలదు. అది రాబందు. శవమును తినునదని దానిని అశుభమనుకొన్నాము. కాని దాని కాయకము వంటి కాయకము ఎవరు చేయగలరు? మన యింట బసవన్న యని బొట్టుపెట్టి పూజించిన ఎద్దు చనిపోయినచో, ఊరి వెలుపల విడిచిన ఆ కళేబరమును గుంపుగా వచ్చి అరగంట, గంటలో ఎముకలు మిగులునట్లు శుభ్రపఱచెడివి. కుళ్లు నీటిలో కలియకుండ, రోగము వ్యాపింపకుండ కాపాడెడివి. జీతము లేదు, కృతజ్ఞత లేదు. ఒకప్పుడు కోట్లసంఖ్యలో నున్న రాబందులు 1990ల దశాబ్దమున రాలిపోవుట కారంభించినవి. 1992 నుండి 2007 వఱకు గల కాలములో తెల్లవీపు రాబందులు మన దేశమున వేయింటికి ఒకటి చొప్పున మాత్రమే మిగిలినవి.

కారణ మేమి? వేటగాడు కాదు, విషము పెట్టిన శత్రువు కాదు. నొప్పితో మూలుగుచున్న పశువునకు ఉపశమనము కలుగుటకై ఇచ్చిన డైక్లోఫెనాక్ అను మందు. ఆ మందు పడిన పశువు చనిపోయినచో, దానిని తిన్న రాబందుల మూత్రపిండములు చెడి అవి కొలది దినములలో మరణించినవి. 2006లో ప్రభుత్వము పశువులకు ఆ మందు వాడకమును నిషేధించినది. అట్టివే కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ అనువానిని 2023లో నిషేధించినది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అను మందు అందుబాటులో కలదు. గమనింపుడు: పశువునకు మందు పెట్టిన రైతు దయగలవాడే. ఆ దయకు చూపు చాలలేదు. పిల్లికి పాలన్నము పెట్టిన అవ్వగారి దయయు అట్టిదే. దయ ధర్మమునకు వేరు, సత్యమే. కాని ఆ వేరునకు జ్ఞానమను నీరు పోయవలెను. ఎదుటనున్న ఈగ మాత్రమే చూచు కప్పవలె, ఎదుటనున్న ప్రాణిని మాత్రమే చూచి దయ చూపినచో, వెనుకనున్న లక్షల ప్రాణములు మన చేతిమీదుగా పోవచ్చును.

ఈ సందర్భమున మఱియొక సంగతి నా మనస్సును బాధించుచున్నది. పక్షిని మనుష్యునితో పోల్చుట నా ఉద్దేశము కాదు. నేను చెప్పునది మన మనస్సులోని వ్యాధిని గూర్చి. ఆ చచ్చిన ఎద్దును మన దొడ్డినుండి మోసికొనిపోయిన వారెవరు? దాని చర్మమును శుద్ధిచేసి మన కాలికి చెప్పును, మన మోటకు తొండమును కుట్టి యిచ్చిన వారెవరు? వారు లేనిదే మన దొడ్డి శుభ్రము కాదు. మన పొలమునకు నీరు పాఱదు. అట్టివారిని వాకిట నిలువబెట్టి, దోసిటిలో నీరు పోసిన ఇండ్లు మనలోను కలవు. మురికి చేసినవాడు శుచి, ఆ మురికిని తొలగించినవాడు అశుచి యన్న ఈ తలక్రిందుల న్యాయమును విఱుగగొట్టుటకే కదా బసవేశ్వరులు అవతరించినది! మాదార చెన్నయ్య, డోహర కక్కయ్య వంటి శరణుల యింటి బిడ్డనని వారు తన్ను తాము చెప్పుకొన్నారు. చెప్పులు కుట్టు హరళయ్యను శరణుడని నమస్కరించినారు. “మేము తినము, వారు తిందురు” అని మన అన్నమును గోడగా కట్టి, ఆ గోడ వెలుపల మనుష్యులను నిలుపువాడు బసవధర్మమును పాటించుట లేదు. దయకొఱకు పట్టిన వ్రతము ద్వేషమునకు సాధన మగుటకంటె వేఱు భ్రష్టత లేదు.

మనము చేయవలసిన పనులు చిన్నవే. పొలములో జెఱ్ఱిపోతు కనబడినచో కఱ్ఱ తీయకుడు. ధాన్యము తిను ఎలుకకు అది కావలివాడు. కప్పను రక్షింపుడు. కప్ప కాళ్లను విదేశములకు ఎగుమతి చేయు వ్యాపారము మన దేశమున సాగుచుండగా 1987లో దానిని నిషేధించినారు. ఏలయన, చేనిలోని పురుగును తినునది ఆ కప్పయే. పశువైద్యుని మందు అడుగునప్పుడు అది రాబందునకు హాని చేయనిదా యని అడుగుడు. చిఱుతపులి దూడను కొట్టినదని మిగిలిన కళేబరముపై విషము చల్లకుడు. ఆ విషము చిఱుతతో ఆగదు. మందలోని దూడ పోయిన రైతు దుఃఖము చిన్నది కాదు. ప్రభుత్వమునుండి అతనికి రావలసిన పరిహారమునకై దరఖాస్తు వ్రాసిపెట్టుట మనలో చదువుకొన్నవారి కాయకము. భోజనమునకు కూర్చుండినప్పుడు, ఈ అన్నము ఎవరి చెమటతో నా కంచమునకు వచ్చినదని ఒక్క క్షణము తలంచి, పిమ్మట లింగమునకు అర్పింపుడు.

అమ్మాయీ! నీవు ఈ సభలో ముందు వరుసలోనే కూర్చున్నావు. నెల దినములు ఆలస్యమైనను నీకు సమాధానము చెప్పుచున్నాను. పిల్లిది తప్పు కాదు. శివునిది తప్పు కాదు. పిల్లి తన ధర్మమున నున్నది. మీ యింట మాంసము వండవలసిన పనియు లేదు. దానికి పాలన్నము పెట్టుడు, కాని తలుపు మూసి బంధింపకుడు. పెరటిలో ఎలుక దానికి దొరకును. ఉడుతలు పిల్లలు పెట్టు దినములలో మాత్రము పిల్లి మెడకు ఒక చిన్న గంట కట్టుము. ఆ చప్పుడునకు తల్లి ఉడుత మేలుకొనును. అంతవఱకే నీ పని, తక్కినది ఆ జగన్నాథుని పని. ఆ ఉడుతపిల్లను చూచి నీకు ఏడుపు వచ్చినదని మీ అవ్వగారు నాతో చెప్పినారు. ఆ యేడుపు పిల్లికి రాదు. అది నీకే వచ్చినది. అది ఎన్నడును ఎండిపోకుండ కాపాడుకొనుము. దానినే బసవన్న దయ యన్నాడు.